నా లైసెన్స్ నేనే చదవలేదు

పోయిన వారం రాత్రి పదకొండు గంటలకి ఒక మెసేజ్ వచ్చింది. "అన్నా, నా ప్రాజెక్టు పబ్లిక్ చేసేస్తున్నా. లైసెన్స్ ఎంఐటీ పెట్టేస్తా. అంతే కదా?" ఇదివరకు మా టీమ్‌లో పనిచేసిన కుర్రాడు. తను రాసిన కోడ్‌ని అందరికీ కనిపించేలా తెరిచిపెడుతున్నాడు. దాన్ని ఎవరు ఎలా వాడుకోవచ్చో చెప్పేది లైసెన్స్, ఎంఐటీ అన్నది అలాంటి వాటిలో ఒకటి. "అంతే" అని రెండక్షరాలు కొట్టి, పంపబోయి, చెరిపేశాను. "ఒక్క రోజు ఆగరా, మాట్లాడదాం" అని రాశాను. లైసెన్స్ కోసం ఒక రోజు ఆగడమేమిటో వాడికి అర్థమైనట్టు లేదు. ఒక ప్రశ్నార్థకం పంపి ఊరుకున్నాడు. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. ఆరేళ్ల కిందట నేనూ సరిగ్గా ఇదే చేశాను, వాడిలాగా ఎవరినీ అడగను కూడా లేదు.

అప్పట్లో ఒక చిన్న టూల్ రాశాను. సబ్‌టైటిల్స్ మాటకంటే ముందో వెనకో పడుతుంటే వాటి టైమింగ్ సరిచేస్తుంది. ఆడియోలో మాట ఎక్కడ మొదలవుతోందో పట్టుకుని, ఫైల్‌లో ఉన్న టైమ్‌లన్నీ దానికి తగ్గట్టు జరుపుతుంది. అంతకు మించి ఏమీ లేదు. ఆ కోడ్ పెట్టడానికి ఆన్‌లైన్‌లో రిపాజిటరీ తెరిచేటప్పుడు లైసెన్స్ అని ఒక డ్రాప్‌డౌన్ కనిపించింది. అందులో ఎంఐటీ అన్నది ఎక్కడో విన్న పేరే కదా అని నొక్కేశాను. ప్రాజెక్టుకి పేరు వెతకడానికి రెండు సాయంత్రాలు తీసుకున్నవాణ్ని, లైసెన్స్‌కి రెండు సెకన్లు తీసుకున్నాను.

డబ్బు కట్టానండీ

నాలుగేళ్ల తర్వాత ఒక మెయిల్ వచ్చింది. రాసినాయన మంచి కోపం మీద ఉన్నాడు. "డబ్బు కట్టి కొన్నానండీ. వీడియో అరగంట దాటేసరికి సబ్‌టైటిల్స్ రెండు సెకన్లు వెనకబడుతున్నాయి. మూడుసార్లు రాసినా మీ దగ్గర్నుంచి జవాబు లేదు." నాకెవరూ డబ్బు కట్టలేదే అనుకుని, ఆయన్ని వివరాలడిగి, ఆరా తీశాను. అదొక వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్. దాని అబౌట్ విండోలో, అడుగున చీమతలకాయంత అక్షరాల్లో, వాడుకున్న ఓపెన్ సోర్స్ లైబ్రరీల, అంటే బయటివాళ్ళు రాసి అందరికీ ఇచ్చిన కోడ్‌ల, జాబితా ఉంది. అందులో నా లైసెన్స్, నా పేరు, నా మెయిల్ అడ్రస్. సపోర్ట్ వాళ్ళు పలకకపోయేసరికి, పాపం ఆయన ఆ సాఫ్ట్‌వేర్ మొత్తంలో తనకి దొరికిన ఒకే ఒక్క మనిషికి రాశాడు.

ఇది నా ఒక్కడికే జరిగిన వింతేమీ కాదని తర్వాత తెలిసింది. ఇంటర్నెట్ మీద డేటా తెచ్చిపెట్టే కర్ల్ అనే టూల్ రాసిన డానియల్ స్టెన్‌బర్గ్‌కి కార్ల ఓనర్లు కూడా మెయిల్స్ రాస్తారు, డాష్‌బోర్డ్ స్క్రీన్ పనిచేయట్లేదు ఏం చెయ్యాలని. ఆ కారు స్క్రీన్‌లో ఎక్కడో ఆయన లైసెన్స్ నోటీసు ఉంటుంది, అందులో ఆయన మెయిల్ ఉంటుంది. ఆయన వాటిని నవ్వుకుంటూ దాచుకుంటాడు. నాకంత పెద్ద మనసు లేదు.

నన్ను బాధపెట్టింది డబ్బు కాదు. ఆ మాట ఎవరైనా అంటారు గానీ, నిజంగానే రెండు వేరే సంగతులున్నాయి. ఒకటి, ఆ కస్టమర్ చెప్పిన బగ్. ఫ్రేమ్ రేట్ మధ్యలో మారే వీడియోల్లో టైమింగ్ కొంచెం కొంచెంగా జారిపోతుండేది. దాన్ని నేను ఏడాది కిందటే సరిచేశాను, వాళ్ళేమో ఇంకా పాత వర్షన్ మీదే ఉన్నారు. రెండోది అసలు సంగతి. వాళ్ళ రిలీజ్ నోట్స్‌లో, వెనక సంగీతం గట్టిగా వినిపించే సీన్లలో కూడా మాటని సరిగ్గా పట్టుకునేలా మెరుగుపరిచామని గొప్పగా రాసుకున్నారు. నా టూల్ బలహీనతంతా అక్కడే. దాని గురించి నా ఇష్యూల పేజీలో మూడేళ్లుగా మొత్తుకుంటున్నవాళ్ళున్నారు. నా కోడ్‌ తీసుకుని, నాకు రాని లెక్క వాళ్ళు చేసి, తలుపేసుకున్నారు.

మర్యాదగానే రాశాను, ఆ మార్పులు పంచుకోగలరా అని. మూడు వారాలకి జవాబొచ్చింది, ఇంకా మర్యాదగా. మీ లైసెన్స్ షరతులన్నీ పాటిస్తున్నాము, ధన్యవాదాలు, అని. కడుపు మండిపోయింది. అప్పుడు తీశాను లైసెన్స్ ఫైల్. నూట డెబ్బై పదాలుంటుంది, అంతే. వాడుకోవచ్చు, కాపీ చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వచ్చు, అమ్ముకోవచ్చు. "అమ్ముకోవచ్చు" అన్న మాట అక్షరాలా ఉంది. అడిగిందల్లా ఒకటే, ఈ నోటీసు తీసెయ్యొద్దని. వాళ్ళు తీసెయ్యలేదు. నేను సంతకం పెట్టిన కాగితం నేను చదవకుండా, చదివినవాళ్ళ మీద కోపం తెచ్చుకున్నాను.

మినిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. ఆండ్రూ టానెన్‌బామ్ దాన్ని రాసి, ఎంఐటీ లాగే వదులుగా ఉండే బీఎస్‌డీ లైసెన్స్ కింద ఇచ్చారు. ఇంటెల్ ఇంజినీర్లు ఆయన్ని ఏవో సందేహాలడిగారు, కొన్ని మార్పులు చేయించుకున్నారు, తర్వాత ఉలుకూ పలుకూ లేదు. 2017లో తెలిసింది, ఇంటెల్ చిప్‌సెట్లలో చిన్న కంప్యూటర్‌లా విడిగా పనిచేసే మేనేజ్‌మెంట్ ఇంజిన్‌ నడిచేది మినిక్స్ మీదేనని. ఆయన ఒక బహిరంగ లేఖ రాశారు. చెప్పాల్సిన అవసరం చట్టప్రకారం లేదు, కానీ చెప్పి ఉంటే బాగుండేది, అన్నది అందులో సారాంశం. తెలిసి ఇచ్చినాయనకే ఆ చిన్న ముల్లు గుచ్చుకుంది. తెలియక ఇచ్చిన నా సంగతి చెప్పాలా.

కోపంలో రాసే లైసెన్సులు

ఆ వారంలో నేను రాయబోయిన లైసెన్స్ ఇంకా డ్రాఫ్ట్స్‌లో ఉంది. సారాంశం: అందరూ వాడుకోవచ్చు, వ్యాపారానికి మాత్రం వాడకూడదు. చాలామందికి మొదట తట్టేది ఇదే, వినడానికి న్యాయంగానే ఉంటుంది. కూర్చుని ఆలోచిస్తే నిలబడలేదు. సబ్‌టైటిల్స్ అనువాదం చేసి పూట గడుపుకునే ఫ్రీలాన్సర్ నా టూల్ వాడితే అది వ్యాపారమా కాదా? యాడ్స్ వచ్చే ఛానల్‌లో పాఠాలు చెప్పే టీచర్? ఫీజు తీసుకునే కాలేజీ? నాకు బగ్స్ పట్టిచ్చినవాళ్ళలో సగం మంది వీళ్ళే. పెద్ద చేప కోసం వల వేస్తే చిక్కేది ఈ చిన్న చేపలే. పెద్ద కంపెనీకి లాయర్లుంటారు, లేదా అలాంటి టూల్ సొంతంగా రాయించుకునే స్తోమత ఉంటుంది. పైగా ఫలానా పనికి వాడకూడదన్న షరతు ఉంటే అది ఓపెన్ సోర్స్ నిర్వచనంలోకే రాదు, లినక్స్‌ని మిగతా సాఫ్ట్‌వేర్‌తో కూర్చి ఇచ్చే డెబియన్ లాంటి డిస్ట్రోలు తమ ప్రధాన ప్యాకేజీల్లోకి తీసుకోవు. లినక్స్ కూడా 1991లో డబ్బు తీసుకోకూడదన్న షరతుతోనే వచ్చింది. ఏడాది తిరక్కుండా, 1992లో, దాన్ని రాసిన లినస్ టోర్వాల్డ్స్ ఆ షరతు తీసేసి జీపీఎల్ పెట్టారు, అంటే మార్చి పంచితే సోర్స్ కోడ్ కూడా అదే షరతుతో ఇవ్వాలనే లైసెన్స్.

ఇంకో రకం, మంచికి వాడండి చెడుకి వాడకండి అని రాసేవి. జేసన్ అనే డేటా ఫార్మాట్ కోడ్‌కి డగ్లస్ క్రాక్‌ఫర్డ్ పెట్టిన లైసెన్స్‌లో ఆ ఒక్క వాక్యం ఉన్నందుకే దాన్ని ఫెడోరా, డెబియన్ డిస్ట్రోలు, అపాచీ ఫౌండేషన్ అనే ఓపెన్ సోర్స్ సంస్థ తలుపు బయటే ఉంచాయి. చెడు అంటే ఏమిటో కోర్టులో ఎవరు తేలుస్తారు?

అసలు లైసెన్సే పెట్టకపోతే పోలా అని కూడా అనుకున్నాను. పోదు. లైసెన్స్ లేదంటే ఎవరైనా తీసుకోవచ్చని కాదు, ఎవరూ తీసుకోకూడదని. కోడ్ రాసిన క్షణం నుంచే కాపీరైట్ ఉంటుంది. పబ్లిక్‌గా కనిపించడం వేరు, వాడుకునే హక్కు వేరు.

బిగించడం, వదులు చేయడం

ఇక్కడిదాకా వచ్చాక ఒక స్నేహితుడు నాకు ధైర్యం చెప్పాడు. "ఎంఐటీయే కదండీ, ఏం భయం? రేపటి వర్షన్ నుంచి జీపీఎల్ అనెయ్యండి. ఎవర్నీ అడగక్కర్లేదు." నిజమే. ఎంఐటీ కోడ్‌ని జీపీఎల్ ప్రాజెక్టులో కలుపుకోవచ్చు, పాత నోటీసు ఉంచితే చాలు. ఉల్టా మాత్రం కుదరదు. జీపీఎల్‌తో మొదలుపెట్టి, పదిమంది పంపిన ప్యాచ్‌లు, అంటే కోడ్ మార్పులు, కలిశాక ఎంఐటీ చేయాలంటే ఆ పదిమందీ ఒప్పుకోవాలి, ఎందుకంటే ఎవరి వాక్యాల కాపీరైట్ వాళ్ళదే. వీఎల్‌సీ వీడియో ప్లేయర్ వాళ్ళు తమ కోడ్‌లో చాలా భాగాన్ని జీపీఎల్ నుంచి కాస్త వదులైన ఎల్‌జీపీఎల్‌కి మార్చడానికి రెండు వందల మందికి పైగా డెవలపర్లని వెతికి పట్టుకుని ఒప్పించాల్సి వచ్చింది. ఇంటర్నెట్‌లో డేటాని భద్రంగా పంపే ఓపెన్ఎస్ఎస్ఎల్ లైబ్రరీ వాళ్ళు తమ పాత లైసెన్స్ వదిలించుకుని అపాచీ 2.0 అనే లైసెన్స్‌కి రావడానికి ఏళ్లు పట్టింది, 2021లో వచ్చిన 3.0 వర్షన్‌తో గానీ తెమల్లేదు. కాబట్టి చాలామంది ఇచ్చే సలహా: ముందు వదులుగా మొదలుపెట్టు, అవసరమైతే తర్వాత బిగించు.

ఈ సలహా నేనూ చాలాకాలం నమ్మాను. ఇప్పుడు నమ్మను. ఈ పోస్టంతా రాస్తున్నది ఆ ఒక్క మాట కోసమే.

చట్టానికి ఏ దిక్కున వెళ్ళడం సులువో, మనుషులకి ఆ దిక్కే కష్టం. ఎంఐటీ నుంచి జీపీఎల్‌కి బిగించడానికి చట్టం అడ్డురాదు, కానీ వాడేవాళ్ళకి అది పెట్టిన కంచం లాక్కున్నట్టుంటుంది. జీపీఎల్ నుంచి వదులు చేయడానికి చట్టం వంద సంతకాలడుగుతుంది, కానీ అలా చేసినందుకు తిట్టేవాళ్ళు అరుదు. రెడిస్ అనే డేటాబేస్ 2024 మార్చిలో బీఎస్‌డీ వదిలేసి బిగువైన షరతులు పెట్టుకుంది. క్లౌడ్ కంపెనీలు మా పని మీద బతుకుతున్నాయి, తిరిగి ఏమీ ఇవ్వట్లేదు అన్నది వాళ్ళ గోడు. అందులో నిజం లేదని నేననను. కానీ పాత బీఎస్‌డీ కోడ్ ఎక్కడికీ పోదుగా, రోజుల్లోనే దాన్నుంచి వాల్కీ అనే ఫోర్క్, అంటే విడిపోయి నడిచే కొత్త ప్రాజెక్టు, లినక్స్ ఫౌండేషన్ నీడన లేచింది. 2025 మేలో రెడిస్, సర్వర్ మీద నడిపినా మార్పుల సోర్స్ ఇవ్వాలనే ఏజీపీఎల్‌ని కూడా చేర్చి మళ్ళీ ఓపెన్ సోర్స్ అనిపించుకుంది, అప్పటికి వెళ్ళినవాళ్ళు వెళ్ళిపోయారు. ఎలాస్టిక్‌సెర్చ్ అనే సెర్చ్ సాఫ్ట్‌వేర్ కథా దాదాపు ఇదే, 2021లో బిగించింది, ఓపెన్‌సెర్చ్ అనే ఫోర్క్ పుట్టింది, 2024లో ఏజీపీఎల్‌తో వెనక్కొచ్చింది. రెడిస్ మొదటి రోజు నుంచీ ఏజీపీఎల్‌లోనే ఉండుంటే? అంతమంది వాడేవాళ్ళు కాదేమో. అది నాకు తెలుసు. కానీ వాడినవాళ్ళెవరూ మోసపోయామనుకునేవాళ్ళు కాదు.

అందుకని నేను చెప్పేది: ఒంటరిగా ఉన్న రోజునే, మీకు మనసొప్పినంతలో కాస్త బిగువైన లైసెన్స్‌తో మొదలుపెట్టండి. కాపీరైట్ అంతా మీ ఒక్కరిదే అయినంతకాలం ఎప్పుడంటే అప్పుడు వదులు చేయచ్చు, ఎవరి సంతకం అక్కర్లేదు. ఆ అవకాశం బయటివాళ్ళ మొదటి ప్యాచ్ కలిపేదాకానే.

నలభై లైన్ల పెద్దమనిషి

సిద్ధాంతం ఇంత తేటగా ఉంది గానీ, నా ప్రాజెక్టులో అప్పటికే పదకొండు మంది కోడ్ ఉంది. చట్టం అడగకపోయినా నాకు అడగాలనిపించింది. వాళ్ళు ప్యాచ్‌లిచ్చింది ఎంఐటీ ప్రాజెక్టుకి. పదకొండు మందికీ ఒకే మెయిల్ రాశాను. ఎనిమిది మంది రెండు రోజుల్లో సరేనన్నారు. ఒకరి మెయిల్ బౌన్స్ అయింది, ఇప్పటికీ ఆచూకీ లేదు. ఒకాయన సరే గానీ ఎందుకింత తంటా అన్నాడు.

పదకొండో ఆయన వాటా నలభై లైన్లు. ఆయన జవాబు చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "నాకు అభ్యంతరం లేదండీ. కానీ అది ఆఫీసు టైమ్‌లో రాశాను. అది నాది కాదేమో, కంపెనీదేమో. మా మేనేజర్ని అడుగుతాను." మేనేజర్ లీగల్ టీమ్‌ని అడిగాడు. లీగల్ టీమ్ నన్ను పదహారు ప్రశ్నలడిగింది. అందులో ఒకటి, మీ సంస్థలో ఓపెన్ సోర్స్ వ్యవహారాల బాధ్యులెవరు అని. నేనే, నా వంటింటి బల్లే, అని రాద్దామనుకుని మానేశాను. చివరికి ఆ నలభై లైన్లు తీసేసి, ఆయన కోడ్ చూడకుండా మళ్ళీ రాశాను. పాపం ఆయన తప్పేమీ లేదు. పైపెచ్చు అడిగిన పదకొండు మందిలో అసలు విషయం తెలిసినవాడు ఆయనే.

దీనికి మందుగా కొందరు సీఎల్ఏ పెట్టుకోమంటారు. అంటే ఆ కోడ్‌ని మనకి నచ్చిన లైసెన్స్ కింద ఇచ్చుకునే హక్కు ప్యాచ్ ఇచ్చేటప్పుడే మనకి రాసిచ్చేలా ఒప్పందం. నాకు నచ్చదు. సర్వర్లు సిద్ధం చేసిపెట్టే టెర్రాఫామ్ అనే టూల్ ఎంపీఎల్‌లో ఉండేది, చక్కటి లైసెన్స్ (దాని సంగతి కింద చెప్తాను). అయినా 2023 ఆగస్టులో దాని యజమాని హాషికార్ప్ దాన్ని, పోటీ కంపెనీలు వాడకుండా కట్టడి చేసే బీఎస్ఎల్‌కి మార్చగలిగింది, ఎందుకంటే ప్యాచ్‌లిచ్చినవాళ్ళ దగ్గర ముందే సీఎల్ఏ తీసుకుని పెట్టుకుంది. ఓపెన్‌టోఫు ఫోర్క్ అలా వచ్చిందే. అంటే లైసెన్స్ ఎంత మంచిదైనా, పక్కన సీఎల్ఏ ఉంటే ఆ మంచితనం యజమాని ఇష్టం ఉన్నంతవరకే. లినక్స్ కెర్నెల్‌లో సీఎల్ఏ లేదు, ప్యాచ్ కింద, ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుంది అని చెప్పే సైన్-ఆఫ్ లైన్ ఒకటి ఉంటే చాలు. వేలమంది కాపీరైట్ వేలమంది దగ్గరే ఉంది. టోర్వాల్డ్స్ రేపు పొద్దున్న మనసు మార్చుకున్నా ఏమీ చేయలేరు. మార్చలేకపోవడం అక్కడ ఇబ్బంది కాదు, ప్యాచ్ ఇచ్చినవాడికి అదే భరోసా. నా నుంచి నా కంట్రిబ్యూటర్లని కాపాడేది కూడా ఏదో ఒకటి ఉండాలి కదా.

మరి ఏది పెట్టాను

ఎంపీఎల్ 2.0. జీపీఎల్ అనుకున్నాను మొదట, కానీ నా ఫిర్యాదు ఏమిటో మళ్ళీ గుర్తుచేసుకున్నాను. నాకు వాళ్ళ ఎడిటర్ కోడ్ అక్కర్లేదు. నా ఫైళ్లలో వాళ్ళు చేసిన మార్పులు కావాలి. జీపీఎల్ అయితే ఎడిటర్ మొత్తం తెరవాలి, వాళ్ళు తెరవరు, నా టూల్ పక్కన పడేసి ఇంకోటి రాసుకుంటారు. ఎంపీఎల్ లెక్క ఫైళ్ల మీద. ఈ లైసెన్స్ కింద ఉన్న ఫైల్‌ని మార్చి పంపిణీ చేస్తే ఆ ఫైల్ సోర్స్ ఇవ్వాలి, పక్కనున్న మీ ఫైళ్లు మీ ఇష్టం. నా గుండెల్లో ఉన్న ముల్లు కొలత సరిగ్గా అంతే.

లోపాలున్నాయి. తెలివైనవాడు నా ఫైల్ ముట్టుకోకుండా, మెరుగుదలంతా కొత్త ఫైల్‌లో రాసుకుని అక్కణ్నుంచి పిలుచుకోవచ్చు. సర్వర్ మీద నడిపితే పంపిణీయే జరగదు కాబట్టి ఏమీ ఇవ్వక్కర్లేదు. ఆ సందు పూడ్చేది ఏజీపీఎల్, కానీ గూగుల్ లాంటి చోట్ల అది వాడకూడదని బహిరంగంగానే రాసి ఉంది. నెట్‌వర్క్ సర్వర్ రాస్తున్నవాడికైతే నేను ఏజీపీఎల్ గురించి గట్టిగా ఆలోచించమంటాను. సబ్‌టైటిల్స్ జరిపే టూల్‌కి అంత తుపాకీ అక్కర్లేదనిపించింది.

ఇంకో సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. ఎంపిక ఎప్పుడూ మన చేతిలోనే ఉండదు. నా టూల్ వీడియోలోంచి ఆడియో తీయడానికి ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ప్రాజెక్టు లైబ్రరీలు వాడుతుంది. అది మామూలుగా ఎల్‌జీపీఎల్. కంపైల్ చేసేటప్పుడు ఎనేబుల్-జీపీఎల్ అన్న ఫ్లాగ్ ఇచ్చారా, వీడియోని కుదించే ఎక్స్264 లాంటివి లోపలికి చేర్చుకోవచ్చు, కానీ, ఆ బిల్డ్ మొత్తం జీపీఎల్ అయిపోతుంది. నేను పంచుతున్న బైనరీలు, అంటే కంపైల్ చేసి నడపడానికి సిద్ధం చేసిన ఫైళ్లు, ఏడాదిపాటు ఆ ఫ్లాగ్‌తోనే ఉన్నాయి. ఎంఐటీ అని బోర్డు పెట్టుకుని జీపీఎల్ బిల్డ్ పంచుతున్నానన్నమాట. ఇంకొకళ్ళ మీద కారాలు మిరియాలు నూరుతూ, నా తప్పు నేను చూసుకోలేదు. ఎవరూ పట్టుకోలేదు కాబట్టి పరువు దక్కింది.

దీనికి ఎదురుగా గట్టి వాదన ఒకటుంది, దాన్ని దాటేయను. లైసెన్స్ ఉల్లంఘించినా నువ్వేం చేస్తావు, కోర్టుకెక్కుతావా? ఎక్కను. అంత డబ్బూ లేదు, ఓపికా లేదు. కానీ చాలా కంపెనీల్లో కోర్టుదాకా రానక్కర్లేదు, లీగల్ టీమ్ ముందే చదువుతుంది, నాకు పదహారు ప్రశ్నలు వేసిన వాళ్ళలాగే. చదివేవాళ్ళున్నంతవరకూ రాసినదానికి విలువ ఉంది. 2003లో లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటర్లో లినక్స్ ఉందని జనం పట్టుకుని అడగబట్టే సోర్స్ బయటికొచ్చింది, ఆ కోడ్ నుంచే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే రౌటర్ సాఫ్ట్‌వేర్ మొదలైంది. ఆ కెర్నెల్ ఎంఐటీలో ఉండుంటే అడగడానికే ఎవరికీ నోరుండేది కాదు.

ఎంఐటీ చెడ్డదని కాదు. వెయ్యి లైన్లలోపు చిన్న లైబ్రరీకి, ఒక ఫార్మాట్‌ని నలుగురూ వాడాలన్న కోరికతో రాసే రిఫరెన్స్ కోడ్‌కి నేనిప్పటికీ అదే పెడతాను. పేటెంట్ల భయం ఉంటే అపాచీ 2.0. తెలిసి ఇచ్చేవాడు ఏదిచ్చినా నాకు పేచీ లేదు.

మర్నాడు మా కుర్రాడికి ఫోన్ చేసి ఈ పురాణమంతా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. "నా ప్రాజెక్టు ఎవడు ఎత్తుకుపోతాడన్నా, నలుగురు చూస్తే చాలు నాకు" అన్నాడు. నేనూ అప్పుడు అదే అన్నాను. మాట్లాడుతూనే వాడి రిపాజిటరీ తెరిచాను. రాత్రే పబ్లిక్ చేసేశాడు. లైసెన్స్ ఫైల్‌లో కాపీరైట్ అన్న మాట పక్కన సంవత్సరం, పూర్తి పేరు అని టెంప్లేట్‌లో ఉన్న బ్రాకెట్లు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. వాడూ చదవలేదు.

దిద్ది ప్యాచ్ పంపిద్దామని బటన్ దాకా వెళ్ళి ఆగాను. రెండు మాటలే అయినా, దాంట్లో పడే మొదటి బయటి చెయ్యి నాది కాకూడదనిపించింది. "లైసెన్స్ ఫైల్ తెరువురా ఒకసారి" అన్నాను. అవతల కీబోర్డు చప్పుడు, తర్వాత నవ్వు. ఇప్పుడు చదువుతున్నానన్నా, ఆగు, అన్నాడు.